రోజుకు మూడు పుస్తకాలు

మార్చి 4, సోమవారం

ఈ వేళ నా వివరాలన్నీ ఆ సైటులోకి ఎక్కించాను. రెండు గంటల పది నిమిషాలు పట్టింది. ముప్పై ఎనిమిదేళ్ళ బైండింగు మేస్త్రీతనాన్ని నమిలి మింగేసి, ఆ యంత్రం తాపీగా ఒక మాట అంది: "మీ వివరాలు 72 శాతం పూర్తయ్యాయి." మిగతా ఇరవై ఎనిమిది ఏమై ఉంటాయని మా ఆవిణ్ణి అడిగాను.

"పెళ్ళయి ముప్పై నాలుగేళ్ళయింది, నాకే సగం తెలీదు. దానికి డెబ్బై రెండు తెలిసిందంటే గొప్పే," అంది.

సైటు పేరు పనిజోడు. మనం ఏం చేయగలమో మనం రాస్తాం, ఎవరు కావాలో యజమానులు రాస్తారు. మధ్యలో యంత్రం పెళ్ళిళ్ళ పేరయ్యలా కూర్చుని ఇద్దరికీ ఎంత శాతం కుదిరిందో చెబుతుంది. నాకు కుదిరిన సంబంధాలు: వాచ్‌మన్, 81 శాతం. పార్సిళ్ళు వేరుచేసే పని, 64. వృద్ధులకు తోడుగా ఉండటం, 60. ఆ వృద్ధుడెవరో నాకంటే రెండేళ్ళు చిన్నవాడు.

చదువు గడిలో ఏం పెట్టాలో తోచలేదు. నేను బడికి వెళ్ళింది ఐదేళ్ళు. తర్వాత చదివిందంతా బైండింగుకు వచ్చిన పుస్తకాలే. మా దగ్గరికి వచ్చేవి చినిగినవి కదా, మొదటి పేజీలూ చివరి పేజీలూ ఉండవు. అందుకని నాకు ప్రపంచంలోని విషయాలన్నీ మధ్యలోంచి తెలుసు. ఒక రాజుగారి యుద్ధం క్షుణ్ణంగా తెలుసు గానీ, దేనికి మొదలైందో, ఎవరు గెలిచారో తెలియదు. గుండె ఎలా కొట్టుకుంటుందో చెప్పగలను, ఎందుకు ఆగుతుందో మాత్రం ఆ పేజీలు ఎలుకలు కొట్టాయి. ఇవన్నీ రాయడానికి గడి లేదు. "ప్రాథమిక" అని నొక్కాను.

అన్నింటికన్నా అడుగున, చీమ తల కంటే చిన్న అక్షరాల్లో ఉంది: అరవై రెండేళ్ళు నిండిన రోజున అభ్యర్థి వివరాలు తొలగించబడతాయి. జులై ఒకటిన నాకు నిండుతాయి. మా బైండింగు దుకాణం జనవరిలో మూసేశారు. ఇంకా నాలుగు నెలలుంది. ఆ తర్వాత నేను దానికి చచ్చినవాడితో సమానం.

మార్చి 5

ఇవాళా వాచ్‌మనే.

మార్చి 9, శనివారం

దొరికింది! భూముల రికార్డుల కార్యాలయంలో పాత రిజిస్టర్ల మరమ్మతు. చేతికుట్టు తెలిసినవారు కావాలి. ఒకటే ఖాళీ. పక్కన పెద్ద అక్షరాలతో 77 శాతం. దాని కింద ఒక చిన్న వాక్యం: "ఈ ఉద్యోగానికి మీకన్నా ముందున్నవారు: 1."

ఎవరై ఉంటారు? ఊళ్ళో చేతికుట్టు వచ్చినవాళ్ళు మిగిలిందెవరు? మా దుకాణంలో అట్టలకు బంగారు అక్షరాలు అద్దేవాడు కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. కటింగు వాడికి సూది పట్టుకోవడం రాదు.

మా ఆవిడ సంతోషించింది. ఉద్యోగం వస్తే ఒక షరతట. నేను మధ్యాహ్నాలు ఇంట్లో ఉండి ఆమె వంట మీద వ్యాఖ్యానం చేయడం ఇక ఆగిపోవాలి.

మార్చి 12, మంగళవారం

ఆ ఒకరు ఎవరో తెలిసింది. దారం.

పనిజోడు నుంచి నాకే వచ్చింది: "రికార్డుల కార్యాలయం ఉద్యోగానికి ఈ అభ్యర్థి మిమ్మల్ని తన పూర్వ మేస్త్రీగా పేర్కొన్నారు. దయచేసి వీరి గురించి నిజాయితీగా జవాబులివ్వండి. మీ పేరు అభ్యర్థికి చెప్పం." చెప్పకపోవడమేమిటి, ఇచ్చిందే ఆవిడ కదా అని నవ్వుకున్నాను.

దారం అసలు పేరు దుకాణంలో ఎవరం పిలిచి ఎరగం. దారం కొనను పెదాల మధ్య తడిపి సూదిలోకి ఎక్కించేది, ఎప్పుడు చూసినా పెదాల మధ్య ఓ పోగు ఉండేది, అందుకని ఆ పేరు. ఇరవై రెండేళ్ళు నా చేతి కింద పనిచేసింది. పెద్ద కాగితాన్ని మడిస్తే పదహారు పేజీలవుతాయి, దాన్ని మేము ఫారం అంటాం. ఆ ఫారాలను ఒకదానిమీద ఒకటి పెట్టి, ఒక్కొక్కదాని మడత మధ్యలోంచి సూది లోపలికీ బయటికీ పోనిచ్చి, కిందిదానికి ముడేసి, మళ్ళీ పైదానికి వెళ్ళాలి. ఆమె కుట్టిన పుస్తకాన్ని ఏ పేజీ దగ్గర తెరిచినా బల్లమీద పరిచినట్టు పడుకుంటుంది. నేను కుట్టినవి, నిజం ఒప్పుకోవాలంటే, చెయ్యి తీయగానే ఠప్పుమని మూసుకుంటాయి. అందుకే దుకాణం యజమాని రెండో ఏడే నన్ను మేస్త్రీని చేశాడు. సూది నుంచి దూరంగా ఉంచడానికి.

ప్రశ్నలు పన్నెండు. అన్నింటికీ నిజమే రాశాను.

రోజుకు ఎన్ని పుస్తకాలు కుట్టగలరు? మూడు.

గత మూడేళ్ళలో ఒకే ఏడాదిలో అత్యధికంగా ఎన్ని రోజులు సెలవు పెట్టారు? నలభై ఒకటి.

ప్రతి ప్రశ్న కిందా ఒక గడి ఉంది: "వివరించదలిస్తే ఇక్కడ రాయండి." రెండు వందల అక్షరాలు పడతాయట. వివరించదలిస్తే అన్నాడు కదా, తప్పనిసరి అనలేదు.

మార్చి 13

నేను ఒక్క అబద్ధం కూడా రాయలేదు. మూడు అంటే మూడే. పాత పుస్తకాన్ని విప్పి, చినిగిన మడతలకు పల్చటి కాగితం అంటించి, ఆరబెట్టి, కుట్టాలి. అలా రోజుకు మూడు చేసినవాళ్ళను నేను చూడలేదు, దారాన్ని తప్ప. ఆ సంగతి యంత్రానికి తెలియకపోతే నా తప్పు కాదు. మిగతా దరఖాస్తుల్లో కుట్టు మిషన్‌వాళ్ళు ఆరువందలని రాస్తారు, దాని పక్కన మూడు పడుతుంది. నా వివరాల్లో నేను రెండు వందలు రాశాను. అదీ నిజమే. రోజుకు రెండు వందల పుస్తకాలు నా కళ్ళ ముందునుంచి పోయేవి.

నలభై ఒక్క రోజులూ నిజమే. అవి ఆమె భర్త ఆసుపత్రిలో ఉన్నవి, పోయినవి. ఆ సెలవిచ్చింది నేనే. "వెళ్ళమ్మా, పని ఎక్కడికీ పోదు" అని నేనే అన్నాను. ఆ మాట గుర్తుంది. కనుక నేను చెడ్డవాణ్ణి కాదు.

మార్చి 14

"మీకన్నా ముందున్నవారు: 0."

మార్చి 20, బుధవారం

దారం వచ్చింది. ఫోనును కొంగులో చుట్టి తెచ్చింది, చంటిపిల్లను తెచ్చినట్టు. మా ఆవిడ మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టింది.

"మేస్త్రిగారూ, ఇందులో ఏదో వచ్చిందండీ. అచ్చు సన్నంగా ఉంది, కూడబలుక్కునేసరికి ఆరిపోతోంది. కాస్త చదివి పెట్టండి."

చదివాను. మనసులో. "మీ పూర్వ మేస్త్రీ ఇచ్చిన జవాబుల ఆధారంగా మీ వేగం: చాలా తక్కువ. మీ హాజరు: నమ్మదగినది కాదు. రికార్డుల కార్యాలయం ఉద్యోగానికి మీరు 31 శాతం."

"ఏమంటోందండీ?"

"ఆ... వయసట," అన్నాను. "నలభై దాటినవాళ్ళను ఆ పనికి తీసుకోరట."

"మరి మీకు ఎన్నేళ్ళండీ?"

మా ఆవిడ వంటింట్లోంచి ఫక్కున నవ్వింది.

"నాకూ అదే వచ్చింది," అన్నాను. "మనిద్దరికీ ఒకటే."

"పోన్లెండి," అంది దారం. "మీకే రానిది నాకు వస్తుందా?" కాసేపు ఫోనువంక చూసింది. "కింద ఇన్ని అక్షరాలున్నాయి. వయసు ఒక్కటి చెప్పడానికి ఇన్నా?"

"గవర్నమెంటు భాషమ్మా. నాలుగు ముక్కల్లో చెప్పేదాన్ని నలభై ముక్కల్లో చెబుతారు."

అప్పుడు నాకు అసలు సంగతి గుర్తొచ్చింది. నాక్కూడా ఒకరి మాటసాయం కావాలి. నాతో పనిచేసినవాళ్ళెవరైనా నా గురించి జవాబులివ్వాలి. యజమాని ఫోను ఎత్తడు. ఇంకెవరున్నారు?

"నా గురించి కూడా ఒకటి అడుగుతారమ్మా. నీ పేరు ఇవ్వనా? వేరే ఉద్యోగానికిలే."

"దానికేం భాగ్యం, ఇవ్వండి. మా ఆడపడుచు రేపు వస్తుంది, దానికి చదువొచ్చు. దగ్గర కూర్చుని పెట్టిస్తాను."

ఆమె వెళ్ళాక మా ఆవిడ, "నలభై దాటితే తీసుకోని చోట మీకెలా వస్తుందండీ?" అంది. ఆడవాళ్ళకు ప్రతిదీ కావాలి.

మార్చి 22

దారం నాకు ఐదుకు ఐదు చుక్కలు ఇచ్చింది. వివరించే గడిని కూడా వదల్లేదు. యజమానులు చూసేదాన్ని అభ్యర్థికీ చూపిస్తారు, నేను కాగితం మీద ఎత్తి రాసుకున్నాను: "మంచి మేస్త్రి. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నా. ఎవరి గురించీ అబద్ధం రాయరు."

కళ్ళు చెమ్మగిల్లాయి. మంచి మనుషులు ఇంకా ఉన్నారు.

ఏప్రిల్ 2, మంగళవారం

ఇంటర్వ్యూ. రికార్డుల ఆఫీసరు నా కొడుకు వయసు ఉంటాడు, నాకు కొడుకు ఉండి ఉంటే. మర్యాదస్తుడు. నా ముందు కుర్చీ తనే జరిపాడు.

"పెద్దాయనా, మీకు అనుభవం ఉంది. మీ మీద మాట బాగుంది. రోజుకు రెండువందలని ఉంది, మాకంత అక్కర్లేదు. ఒకటి చేసినా చాలు, శుభ్రంగా."

"శుభ్రతకు నన్ను చూసే చెప్పుకోవాలండీ," అన్నాను.

సూది చేతికిచ్చి కుట్టి చూపించమంటాడేమోనని చొక్కా తడిసిపోయింది. అడగలేదు. ఇప్పుడు ఎవరూ అడగరట. అంతా ముందే పనిజోడు చూసేసుకుంటుందట. మనిషి ఎదురుగా వచ్చి కూర్చునేది సంతకానికే.

పదిహేనున చేరాలి.

ఏప్రిల్ 15

రికార్డుల గది గురించి రాయాలి. మూడు నిలువుల ఎత్తు ఇనప అరలు, వాటి మధ్య మనిషి పక్కకు తిరిగి నడవాల్సినంత సందు. ఒక్కొక్క రిజిస్టరూ పసిబిడ్డంత బరువు. ఎవడి పొలం ఎక్కడిదాకా, ఎవడి గోడ ఎక్కడ ఆగింది, ఎవడు ఎవడికి అమ్మాడు, అంతా వాటిలోనే. తాతలనాటి సిరా, గోధుమరంగులోకి తిరిగింది. నాకొక కిటికీ, ఒక బల్ల, లయ్, అదే పిండి జిగురు, కాచుకోవడానికి ఒక పొయ్యి. మరమ్మతు అయ్యాక ఆఖరి అట్ట లోపల తేదీవేసి నా సంతకం పెట్టాలి. సంతకం! పెట్టి చూసుకున్నాను, చిత్తు కాగితం మీద, ఆరుసార్లు.

ఈ వేళ ఒకటి విప్పాను. కుట్టాను.

ఏప్రిల్ 16

విప్పి మళ్ళీ కుట్టాను. ఠప్పుమని మూసుకుంటోంది.

ఏప్రిల్ 17, బుధవారం

మధ్యాహ్నం భోజనానికి కింద కాంటీనుకు వెళ్ళాను. ఎంగిలి పళ్ళేలు అందించే కిటికీలోంచి ఒక చెయ్యి వచ్చి నా పళ్ళెం అందుకుంది. ఆ చేతి బొటనవేలి పక్క కాయ నాకు తెలుసు. సూది నెట్టినెట్టి కాసినది.

"మేస్త్రిగారూ!" అంది దారం, కిటికీలోంచి వంగి. తలకు గుడ్డ, మోచేతుల దాకా నురగ. "మీరిక్కడా? వచ్చిందా మీకు?"

"వచ్చిందమ్మా... చివరి నిమిషంలో వయసు సడలించారట."

"మంచిదండీ, మంచిది. నాకు ఇది వచ్చింది. తొంభై నాలుగు శాతం కుదిరిందంట. మా ఆడపడుచు చదివి చెప్పింది. నా బతుకులో నాకు అన్ని మార్కులు ఎప్పుడూ రాలేదు." నవ్వింది. "మళ్ళీ ఒక కప్పు కింద పడ్డాం చూశారా."

పైకి వెళ్ళి కూర్చున్నాను. ఇక్కడ ఒక సంగతి రాసుకోవాలి. కుట్టేవాళ్ళ వేళ్ళు తడిసి ఉండకూడదు. దుకాణంలో లయ్ కాచే ముసలమ్మ దారం చేత ఏనాడూ టీ గ్లాసులు కూడా కడగనిచ్చేది కాదు. తడికి చర్మం మెత్తబడుతుంది, దారం కోసుకుపోతుంది. ఇది నాకు తెలుసని రాసుకుంటున్నాను, అంతే. దీనికీ దానికీ సంబంధం లేదు.

నాలుగు గంటలకు ఆఫీసరు వచ్చి బల్ల మీద రిజిస్టరు తెరిచి చూశాడు. అది మూసుకుంది. మళ్ళీ తెరిచాడు. మళ్ళీ మూసుకుంది.

"కొత్త జిగురు కదండీ," అన్నాను.

ఏప్రిల్ 18

రిజిస్టరును గుడ్డలో చుట్టి, మధ్యాహ్నం మూడింటికి, పళ్ళేలు అయిపోయాక, కాంటీను వెనక సరుకుల గదికి తీసుకెళ్ళాను.

"కళ్ళు సరిగా ఆనటం లేదమ్మా," అన్నాను. "ఈ ఒక్కటీ."

ఆమె గోడకు వేలాడే గుడ్డ అందుకుంది. చేతులు తుడుచుకుంది. ఒకసారి కాదు, మూడుసార్లు, మూడు వేరు వేరు గుడ్డలతో. తర్వాత పొడి పిండిలో వేళ్ళు ముంచి తీసింది. బస్తా మీద కూర్చుని రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుంది. నేను గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని చూశాను. పర్యవేక్షణ కూడా పనే. మూడున్నర దాటి పది నిమిషాలకు ఇచ్చింది.

పైకి తీసుకెళ్ళి బల్ల మీద తెరిచాను. పడుకుంది. ఏ పేజీకి ఆ పేజీ.

సంతకం పెట్టాను.

ఏప్రిల్ 19

ఇంకొక్కటి.

ఏప్రిల్ 26

ఆమెకూ ఇదే ఇష్టంలాగుంది. పళ్ళేల మధ్య నుంచి కాసేపు విశ్రాంతి కదా. నేను అడగకపోతే బాధపడేదేమో.

మే 7, మంగళవారం

ఆఫీసరు పైనుంచి ఎవరినో వెంటబెట్టుకొచ్చి నా రిజిస్టర్లు చూపించాడు. "చూడండి, తెరిస్తే ఎలా పడుకుంటోందో. ఈ చెయ్యి ఇప్పుడు ఎక్కడా దొరకదు. పెద్దాయనా, ఎవరి దగ్గర నేర్చుకున్నారు?"

"నేర్చుకుంటే వచ్చేదికాదండీ ఇది," అన్నాను. ఆ వాక్యం నిజం.

వాళ్ళు వెళ్ళాక ఆయన కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. ఇంకో మనిషిని తీసుకోవడానికి అనుమతి వచ్చిందట.

"పనిజోడులో వెతికితే అందరూ మిషన్‌వాళ్ళే తగులుతున్నారు. మీ దుకాణంలో చేతికుట్టు తెలిసినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా? మీరు ఒక్క మాట చెబితే శాతాలు గీతాలు పక్కన పెట్టి తీసుకుంటాను. మీ మాట మీద."

కిటికీ బయట ఎవరో కాంటీను బిందెలు దొర్లిస్తున్నారు.

ఆలోచించాను. నిజంగా ఆలోచించాను. ఆమె పైకి వచ్చి నా పక్క బల్ల దగ్గర కూర్చుంటుంది. ఆఫీసరు ఆమె కుట్టు చూస్తాడు. నా కుట్టు చూస్తాడు. ఆయన చిన్నవాడే గానీ గుడ్డివాడు కాదు.

"లేరండీ," అన్నాను. "ఉన్నవాళ్ళంతా పోయారు."

"అయ్యో," అన్నాడు, పాపం. నిజంగా చనిపోయారనుకున్నట్టున్నాడు.

మే 8

ఆమెకు అక్కడ అలవాటైపోయింది. మార్చడం కూడా ఒక హింసే. ఈ వయసులో కొత్త గది, కొత్త మనుషులు. నేను ఆమె మేలు కోరే అలా అన్నాను. రాసి చూసుకుంటే అదే సబబుగా ఉంది.

ఈ వేళ రిజిస్టరు ఇచ్చేటప్పుడు ఆమె నా మొహంవంక కాస్త ఎక్కువసేపు చూసింది. "ఏం?" అన్నాను. "ఏం లేదండీ. ఈ రోజు ఫారాలు ఎన్ని?" అంది. "ఇరవై రెండు," అన్నాను. "లెక్క సరిపోవాలి కదండీ," అంది.

పనిలో శ్రద్ధ అంటే అది.

మే 17

ఇవాళ ఇరవై నిమిషాల్లోనే ఇచ్చేసింది. చేయి తిరుగుతోంది.

మే 29, బుధవారం

ఆమె వేళ్ళు చీలాయి. చూపుడువేలి కొన దగ్గర రెండు చీలికలు, వాటిలోకి సబ్బునీళ్ళు. దారం మీద చిన్న ఎర్రటి చుక్క పడింది. నేను చూసి, "అయ్యయ్యో, కాగితానికి అంటుతుందమ్మా," అన్నాను.

ఆమె వేలు నోట్లో పెట్టుకుంది. దారం తడిపినట్టే.

ఇంటికి వచ్చి మా ఆవిడతో అన్నాను, పాపం దారం వేళ్ళు చీలాయని. "మీకెలా తెలుసు?" అంది. కాంటీనులో చూశానన్నాను. "పళ్ళెం ఇచ్చే కిటికీలోంచి వేలి కొనలు కనిపించాయా? కళ్ళు ఆనటం లేదని ఆఫీసు నుంచి కళ్ళజోడు అడగబోతున్నారుగా." మా ఆవిడ వకీలు కావాల్సింది.

జూన్ 11, మంగళవారం

ఈ వేళ ఉదయం కూర్చుని పనిజోడు తెరిచాను. దారం గురించి నేనిచ్చిన జవాబుల కింద ఆ గడులు నింపుదామని. "భర్త మరణించిన సంవత్సరం" అని ఒక దాంట్లో, "చేతికుట్టులో మూడు అంటే ఎక్కువ" అని ఇంకో దాంట్లో. కాగితం మీద అక్షరాలు లెక్కపెట్టి సిద్ధం చేసుకున్నాను. ఎక్కువేమీ కాలేదు, రెండు వందల్లో సగం కూడా పట్టలేదు.

"జవాబులు సవరించేందుకు గడువు తొంభై రోజులు. మీ గడువు నిన్నటితో ముగిసింది."

నేను ప్రయత్నించలేదని ఎవరూ అనలేరు. ఒక్క రోజు. నిన్న తలనొప్పిగా ఉంది.

జూన్ 17, సోమవారం

ఎలా రాయాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

పదకొండు గంటలకు పైఅధికారుల తనిఖీ. ముగ్గురు వచ్చారు. వాళ్ళతో పాటు పొలం తగాదాలో ఉన్న ఇద్దరు అన్నదమ్ములూ, వాళ్ళ వకీళ్ళూ. వాళ్ళ తాత పేరున్న పేజీ చూపించాలి. ఆఫీసరు ఉత్సాహంగా, మరమ్మతు అయినవాటిలోంచే తీయించాడు. "మా పెద్దాయన చెయ్యి చూడండి," అని పరిచయం కూడా చేశాడు. నేను ఉతికిన చొక్కా వేసుకుని నిలబడ్డాను.

తెరిచారు. పడుకుంది. తాత పేరు నూట పదమూడో పేజీలో ఉండాలి. నూట పన్నెండు ఉంది. పక్కది నూట డెబ్బై ఏడు.

పెద్ద అధికారి వేలు తడిపి తిప్పాడు. నూట తొంభై రెండు దాకా సాఫీగా వెళ్ళింది. దాని తర్వాత ముప్పై మూడు.

తమ్ముడు, "చూశారా, మా పేజీ మాయం చేశారు!" అని అరిచాడు. అన్న, "నీ మనుషులే చేసుంటారు," అన్నాడు. వకీళ్ళు కాగితాలు తీశారు.

పేజీ మాయం కాలేదు. వెనకెక్కడో ఉంది. ఫారాలు తారుమారై కుట్టి ఉన్నాయి. ఏ ఫారానికి ఆ ఫారం శుభ్రంగా, చక్కగా, ముడి జారకుండా, కానీ ఏదీ తన చోట లేదు. పేకముక్కలు కలిపినట్టు.

ఇంకోటి తీయించారు. అలాగే. ఇంకోటి. తేదీల ప్రకారం చూశారు. మే ఏడు వరకు ఉన్నవన్నీ సవ్యంగా ఉన్నాయి. మే ఎనిమిది నుంచి ఇరవై ఆరు రిజిస్టర్లు. నేను పుస్తకం వీపు చూశాను, తెరిస్తే పడుకుంటుందా అని చూశాను. పేజీల అంకెలు ఎవరు చూస్తారు?

ఆఫీసరు ఆ రిజిస్టరును తనవైపు లాక్కున్నాడు. ఆఖరి అట్ట తెరిచి నా సంతకం మీద వేలు పెట్టాడు.

"పెద్దాయనా, ఇది మీరు కుట్టిందేనా?"

అంతమంది ముందు. రెండు నెలలుగా నేనేనని నేను చెబుతూ వచ్చిన మనిషి ముందు. నేను కాదు అంటే, నేను సంతకం పెట్టిన రికార్డులను కింద కాంటీనుకు మోశానని చెప్పాలి.

"నేనేనండీ," అన్నాను.

జూన్ 18, మంగళవారం

పొద్దున్నే తీసేశారు. పదిన్నరకల్లా పనిజోడులో నా పేరు పక్కన చేరిపోయింది: "రికార్డుల తారుమారు. విచారణలో ఉంది." వాచ్‌మన్ పని కూడా రాదిక, పన్నెండు శాతం చూపిస్తోంది. ఆ రెండో ఉద్యోగాన్ని కూడా రద్దు చేశారు. రిజిస్టర్లన్నీ బయటి కంపెనీవాళ్ళు పట్టుకెళ్ళి ఫొటోలు తీస్తారట. ఇక కుట్టే పనే లేదు, ఎవరికీ.

సామాను తీసుకుని వచ్చేస్తూ మధ్యాహ్నం కాంటీనుకు వెళ్ళాను. తినాలని కాదు. పళ్ళెం ఉంటేగానీ ఆ కిటికీ దగ్గర నిలబడనివ్వరు. ఒక పళ్ళెం తీసుకుని, రెండు ముద్దలు గతికి, వరసలో నిలబడ్డాను.

"ఎందుకు చేశావమ్మా?" అన్నాను కిటికీలోకి.

దారం తలెత్తలేదు. "ఏం చేశానండీ?"

"ఆ ఫారాలు..."

"అవి మీరు కుట్టినవి కదండీ. సంతకం మీదేనంట. మీరే ఒప్పుకున్నారంట, అందరి ముందూ."

"ఎంతమందికి ఇబ్బంది వచ్చిందో తెలుసా?"

"ఇబ్బందేముందండీ. కుట్టు విప్పి, అంకెల ప్రకారం పేర్చి కుడితే సరి. ఒక్క కాగితం చిరగలేదు. రోజుకు మూడైనా ఎనిమిది, తొమ్మిది రోజుల పని." చేతిలోని గ్లాసు నీళ్ళలో ముంచింది. "మీకు తొందరైతే రెండు వందలు కుడతారుగా."

"నీకు తెలుసా?" అన్నాను.

"మీరు చదివి వినిపించిన మర్నాడే తెలుసండీ. చెప్పాను కదా, మా ఆడపడుచుకు చదువొచ్చని. అది మూడుసార్లు చదివింది. నేను నమ్మలేదు. మళ్ళీ చదవమన్నా."

"మరి... మరి నాకు ఐదు చుక్కలు ఎందుకిచ్చావు?"

"మీ గురించి అడిగినదాంట్లో రికార్డుల ఆఫీసనీ, రోజుకు రెండు వందలనీ ఉందండీ. మీరు లోపలికి వెళితేనే కదండీ ఆ పుస్తకాలు నా ఒళ్ళోకి వచ్చేది. మీ కుట్టు నాకు తెలీదా? మీరు నా దగ్గరికి రాక ఎక్కడికి పోతారు?"

"అంటే అప్పటినుంచే పగపట్టి..."

"లేదండీ." మొదటిసారి తలెత్తి చూసింది. కోపం లేదు ఆ మొహంలో, అదే భరించలేకపోయాను. "ఆకలితో ఉన్న మనిషి ఏదో చేస్తాడు. నేనైనా చేసేదాన్నేమో. కుట్టి పెడుతూ ఉంటే ఎప్పటికైనా మీరే నన్ను పైకి పిలుస్తారు అనుకున్నా. ఇరవై రెండేళ్ళు కదా. ఆ రోజు ఆఫీసరుగారు అడిగారంట గదా ఇంకో మనిషి ఉన్నారా అని. సాయంత్రం ఆ బల్ల దగ్గర టీ తాగుతూ పక్కాయనతో చెప్పారు, 'పెద్దాయన్ని అడిగాను, ఎవరూ లేరంట, అంతా పోయారంట' అని. వాళ్ళ గ్లాసులు నేనే తీశాను."

పళ్ళెం ఇంకా నా చేతుల్లోనే ఉంది.

"ఇప్పుడు ఆ పని నీకూ లేకుండా పోయిందిగా," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

"రాదని తెలుసు లెండి."

వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. ఆమె చెయ్యి కిటికీలోంచి బయటికి వచ్చింది, వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి.

"ఆ పళ్ళెం ఇటివ్వండి, మేస్త్రిగారూ. వెనక జనం నిలబడ్డారు."